పెళ్లయిన ఆడపిల్ల వాటా: తేదీలు అడగకుండా జవాబు చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

ఆస్తి తగాదాల మీద పాఠకులు రాసే ప్రశ్నలకు పత్రికల్లో జవాబులు రావడం మంచిదే. వకీలు ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకు చాలాసార్లు అదే మొదటి సలహా. కానీ ఆ జవాబులు రెండు మూడు వాక్యాల్లో ముగిసిపోవడం వల్ల చేటు జరుగుతోంది. ‘నాన్నగారు పోయారు, ఇద్దరు అన్నదమ్ములున్నారు, నాకు వాటా వస్తుందా?’ అని ఒక ఇల్లాలు అడుగుతుంది. ‘వస్తుంది, 2005 చట్టం ప్రకారం కొడుకులతో సమానం’ అని జవాబు వస్తుంది. ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుని ఆమె పుట్టింటికి వెళుతుంది. అది ఆమె విషయంలో నిజం కావచ్చు, సగం నిజం కావచ్చు, అసలు వర్తించకపోనూ వచ్చు. ఆ పొలం ఎవరిది, ఆయనకు ఎలా వచ్చింది, ఆయన ఏ తేదీన పోయారు, ఈలోగా ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు? ఈ నాలుగూ తెలియకుండా వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. సివిల్ కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగే కుటుంబ దావాలు ఎన్నో ఈ నాలుగు ప్రశ్నల దగ్గరే తప్పుదారి పడతాయి. అందుకే ఈ ఉత్తరం. ఇందులో చెప్పేది హిందూ కుటుంబాల సంగతి. ముస్లింలకు, క్రైస్తవులకు, షెడ్యూల్డ్ తెగల వారికి నియమాలు వేరు. వాళ్లకు ఈ లెక్కలు వర్తించవు.

మొదట స్వార్జితం. నాన్న తన సంపాదనతో కొన్న ఇల్లు, స్థలం, పొలం ఇందులోకి వస్తాయి. ఆయన బతికున్నంత కాలం దాని మీద కొడుక్కీ హక్కు లేదు, కూతురికీ లేదు. అమ్ముకోవచ్చు, గుడికి రాసివ్వచ్చు, ఒక్క బిడ్డకే ఇవ్వచ్చు. వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే ఆయన తల్లి, అందరికీ సమాన వాటాలు. అంతకుముందే పోయిన కొడుకు ఉంటే అతని భార్యాబిడ్డలకూ, పోయిన కూతురు ఉంటే ఆమె పిల్లలకూ ఆ వాటా చేరుతుంది. నాయనమ్మ వాటాను మాత్రం దాదాపు అందరూ మరిచిపోతారు. ఆమె తర్వాత పోతే ఆ వాటా ఆమె పిల్లలందరికీ, అంటే బాబాయిలకూ మేనత్తలకూ కూడా వెళుతుంది. పదేళ్ల తర్వాత ప్లాట్లు వేసి అమ్మబోయేటప్పుడు బ్యాంకు వకీలు ఈ లొసుగు పట్టుకుంటాడు.

స్వార్జితంలో కూతురికి సమాన వాటా అన్నది 2005లో వచ్చింది కాదు. 1956 జూన్ 17 నుంచీ ఉంది. నాన్న 1975లో పోయినా, 1995లో పోయినా, కూతురికి పెళ్లయినా కాకపోయినా ఆ వాటా ఆమెదే. ‘అప్పటికి చట్టం రాలేదు’ అని అన్నదమ్ములు చెప్పే మాట ఇక్కడ చెల్లదు.

పిత్రార్జితం దగ్గర తేదీల పని మొదలవుతుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతోనే హక్కు అన్నది ఒకప్పుడు కొడుకులకే ఉండేది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని మార్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చి, ఆ రోజుకు పెళ్లి కాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చింది. అంతకుముందే పెళ్లయిపోయిన వాళ్లను వదిలేసింది. ఒకే ఇంట్లో పెద్దమ్మాయికి హక్కు లేక, చిన్నమ్మాయికి ఉన్న విచిత్రం అలా పుట్టింది. కేంద్ర సవరణ 2005 సెప్టెంబర్ 9న వచ్చి పెళ్లయిన వాళ్లనూ కలుపుకుంది. ఆ తర్వాత పదిహేనేళ్లు ఒక సందేహం నడిచింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కా? 2015లో సుప్రీంకోర్టు అవునంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాట కొట్టేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని తేల్చింది.

దీని వల్ల తేడా ఎంతో ఒక లెక్క చూడండి. పది ఎకరాల పిత్రార్జితం. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, 1980లో పెళ్లయిన ఒక కూతురు. తండ్రి 1990లో పోయారు, పంపకం జరగలేదు. పాత లెక్కలో తండ్రికీ ఇద్దరు కొడుకులకూ మూడు భాగాలు. తండ్రి వంతు మూడు ఎకరాల 33 సెంట్లు తల్లికీ ముగ్గురు పిల్లలకూ పంచితే కూతురికి దక్కేది 83 సెంట్లు. కొత్త లెక్కలో కూతురు కూడా పుట్టుకతో భాగస్తురాలే. కాబట్టి మొదటి పంపకంలో నాలుగు భాగాలు, తలా రెండున్నర ఎకరాలు. తండ్రి రెండున్నర ఎకరాలు మళ్లీ నలుగురికి పంచితే తలా 62½ సెంట్లు. కూతురికి మూడు ఎకరాల 12½ సెంట్లు. తెలంగాణ కొలతలో చెప్పాలంటే మూడు ఎకరాల ఐదు గుంటలు. కొడుకులకూ అంతే. తల్లికి 62½ సెంట్లు, అంటే 25 గుంటలు. మన దక్షిణాది సంప్రదాయంలో తండ్రీ బిడ్డల పంపకంలో తల్లికి ప్రత్యేక భాగం లేదు గనుక భర్త వంతులో వచ్చిందే ఆమెకు దక్కేది. నలుగురు వారసులున్నారు గనుక పదిని నాలుగుతో భాగించేసి ‘తలా రెండున్నర’ అని చెప్పే పెద్దమనుషులు ఆ లెక్క స్వార్జితానికి సరిపోతుందనీ, దీనికి సరిపోదనీ గమనించరు.

ఇంకో తేదీ ఉంది, పత్రికల జవాబుల్లో తరచూ జారిపోయేది. 2004 డిసెంబర్ 20. సవరణ బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టిన రోజు అది. అంతకుముందే జరిగిపోయిన అమ్మకాలు, రిజిస్టరైన భాగ పంపకాలు, కోర్టు తుది డిక్రీలు (పంపకం మీద చివరి తీర్పు ఉత్తర్వులు) చెక్కుచెదరవు. 1998లో తండ్రీ కొడుకులు కలిసి అమ్మేసిన ఐదెకరాలు ఈ చట్టంతో వెనక్కి రావు. కానీ ‘మేం 1995లోనే నోటిమాట మీద పంచేసుకున్నాం’ అంటే సరిపోదు. నోటి పంపకాన్ని కోర్టు మామూలుగా ఒప్పుకోదు. వేరువేరు పట్టాదారు పాస్‌పుస్తకాలు, వేరువేరు శిస్తు రసీదులు, బ్యాంకు అప్పులు, ఆ తర్వాత ఎవరి భాగం వాళ్లు అమ్ముకున్న దస్తావేజులు, ఇలాంటి ప్రభుత్వ రికార్డు గట్టిగా నిలబడితే అరుదుగా ఒప్పుకుంటుంది. దావా వేశాక రాసుకొచ్చిన పాత తేదీ కాగితాన్ని నమ్మదు.

ఇక ‘తాత ఆస్తి’. కొడుకు పొలం అమ్ముతుంటే మనవళ్లు ‘తాత ఆస్తి, మాకూ వాటా ఉంది’ అని దావా వేయడం ఊరూరా ఉన్నదే. తాత తన కష్టంతో కొని, 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే ఆ పొలం తండ్రికి 8వ సెక్షన్ కింద వ్యక్తిగత ఆస్తిగా వచ్చింది. మనవడికి అందులో పుట్టుక హక్కు లేదు. సుప్రీంకోర్టు 1986లోనే ఈ సంగతి తేల్చింది. తాత దాన దస్తావేజో వీలునామానో రాసి తండ్రికి ఇచ్చి ఉంటే, దస్తావేజులో వేరే మాట లేనంత వరకు అదీ తండ్రి సొంతమే. తాత 1956 జూన్ 17కు ముందే పోయి ఉంటే, లేదా ఆ పొలం ముత్తాత నుంచి పంపకాల్లో వచ్చి ఉంటే అప్పుడు కథ వేరు. ఒకే ఊళ్లో పక్కపక్క చేలకు రెండు వేర్వేరు జవాబులు రావడానికి కారణం ఇదే. పైగా, కుటుంబం ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన ఆస్తంతా ఉమ్మడిది అనుకోకూడదు. ఉమ్మడి అని వాదించేవాళ్లే దానికి మూలమైన ఆస్తిని, దాని రాబడిని చూపించాలి.

చూపించడం ఎలాగంటే పాత రికార్డుతోనే. ఆంధ్రలో అయితే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, పాత అడంగళ్లు (ఏటా సాగు వివరాలు రాసే రికార్డు), వన్‌బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రిజిస్టరు). తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి పహాణీలు (అడంగళ్ల లాంటివే). రెండు చోట్లా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), లింకు దస్తావేజుల (చేతులు మారిన పాత దస్తావేజుల) సర్టిఫైడ్ కాపీలు, మరణ ధ్రువపత్రాలు. ఇవి చేతికి వచ్చాకే వకీలు నోటీసు సంగతి. ఆన్‌లైన్ ఈసీ ఒక్కటి చూసి ‘ఏమీ లేవు’ అనుకోవద్దు. కంప్యూటర్‌లోకి ఎక్కని పాత సంవత్సరాలకు ఆఫీసులో దరఖాస్తు పెట్టి పుస్తకాలు వెతికించాలి. సర్వే నంబరు సబ్‌డివిజన్ అయి ఉంటే పాత నంబరుతోనూ వెతికించాలి. దావా షెడ్యూల్లో (ఆస్తుల జాబితాలో) కొత్త నంబరు ఒక్కటే రాస్తే ఎదుటి పక్షం ‘ఆ భూమి ఇది కాదు’ అంటుంది, సర్వేయరు వచ్చేదాకా కేసు కదలదు.

పాస్‌పుస్తకం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తండ్రి పోగానే అన్న తన ఒక్కడి పేరున మ్యుటేషన్ చేయించుకుంటాడు. తెలంగాణ పల్లెల్లో దీన్నే ఫౌతి అంటారు, విరాసత్ అంటారు. అక్కడి భూ రికార్డుల పోర్టల్ ఇదివరకు ధరణి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి. పోర్టల్ పేరు మారినా ఆ పని అదే. మ్యుటేషన్ అంటే శిస్తు ఎవరు కట్టాలో రాసుకునే రికార్డు. అది హక్కు పుట్టించదు, ఉన్న హక్కును తీసేయదు. అన్న పేరు ఎక్కింది గనుక ఇక ఏమీ చేయలేమని కూర్చోవడం ఒక తప్పు. అయినా కోర్టులో చూసుకోవచ్చని తాత్సారం చేయడం ఇంకో తప్పు. ఆ పాస్‌పుస్తకం పెట్టే అన్న బ్యాంకులో అప్పు తెస్తాడు, అమ్మకానికి బేరం పెడతాడు. తండ్రి పోయిన కొద్ది రోజుల్లోనే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టేటప్పుడు పెళ్లయిన కూతుళ్ల పేర్లు ‘వేరే రేషన్ కార్డు’ పేరుతో వదిలేయడం మామూలైపోయింది. అలా వదిలినంత మాత్రాన ఆమె వారసురాలు కాకుండా పోదు. కానీ దాన్ని సరిచేయించుకోవడానికి తిరగాల్సింది ఆమే. ఆ పత్రం ఇచ్చేముందు కూతుళ్లకు కూడా నోటీసు పంపాలని రెండు ప్రభుత్వాలూ తహసీల్దార్లకు గట్టిగా చెప్పాలి. దీనికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు.

బ్యాంకు డబ్బు గురించి ఒక మాట. నామినీ సొంతదారు కాడు. బ్యాంకు నుంచి డబ్బు పుచ్చుకుని వారసులకు పంచాల్సినవాడు. నామినీ లేకపోతే, మొత్తం పెద్దదైతే, సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ అడుగుతారు. అది డిపాజిట్లకూ షేర్లకూ పనికొస్తుంది, పొలానికీ ఇంటికీ కాదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఇళ్లు ముంచుతున్న తెల్ల కాగితం. నాన్న పెద్ద కర్మ రోజు మధ్యాహ్నం బంతి భోజనాలయ్యాక ఊరి పెద్దలు అరుగు మీద కూర్చుంటారు. వంద రూపాయల స్టాంపు కాగితం తీస్తారు. ‘నాకు పెళ్లప్పుడు కట్న కానుకలు ముట్టినవి, పుట్టింటి ఆస్తిలో నాకు ఎటువంటి హక్కు లేదు’ అని రాసి, ఏడ్చి ఏడ్చి ఉన్న ఆడపిల్ల చేత సంతకం పెట్టిస్తారు. నోటరీ ముద్ర కూడా వేయిస్తారు. ఆ కాగితానికి విలువ ఎంత? వంద రూపాయలు, అంతకు మించి విలువ చేసే స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరైన రిలీజ్ డీడ్ కావాలి. నోటరీ దానికి బదులు కాదు. కట్నం ఇచ్చామన్న వాదన వాటాను హరించదు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం కాబట్టి అది కోర్టులో వేసుకోదగ్గ వాదన కూడా కాదు. నాన్న బతికుండగానే ‘నాకు రాబోయే వాటా వదులుకుంటున్నాను’ అని రాయించుకుంటే, ఆయన స్వార్జితానికి సంబంధించినంత వరకు, ఇంకా పుట్టని హక్కును వదులుకోవడం చెల్లదు. అయితే ఇక్కడ ఒక మెలిక. దానికి ప్రతిఫలంగా డబ్బో స్థలమో నిజంగా పుచ్చుకుని, దాని మీద ఆధారపడి మిగతావాళ్లు సర్దుకుని ఉంటే, తర్వాత మళ్లీ వాటా అడగడాన్ని కోర్టు అడ్డుకోవచ్చు. కాబట్టి అక్కచెల్లెళ్లకు చెప్పేది ఒకటే. ఆ రోజు సంతకం పెట్టవద్దు. నెల ఆగండి. నిజంగా ఇవ్వదలచుకుంటే ఎవరికి ఇస్తున్నారో, ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణమో రాసి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఇవ్వండి.

అన్నదమ్ములకు కూడా ఆ తెల్ల కాగితం మేలు చేయదు. పంపకాన్ని అక్కడికక్కడే చేసే కాగితం రిజిస్టర్ కాకపోతే కోర్టులో హక్కుకు సాక్ష్యంగా పనికిరాదు. ఇదివరకే నోటితో జరిగిన పంపకాన్ని జ్ఞాపకం కోసం రాసుకున్న జాబితాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తేడా అంతా క్రియాపదంలో ఉంది. ‘ఇందుమూలంగా పంచుకుంటున్నాము’ అని ఉంటే పంపక దస్తావేజు, ‘ఫలానా రోజున పంచుకున్నాము’ అని ఉంటే జాబితా. స్టాంపు చాలని దస్తావేజును కోర్టు జప్తు చేసి, తగ్గిన సుంకంతో పాటు పది రెట్లు పెనాల్టీ కట్టిస్తుంది. సరైన రిజిస్ట్రేషన్‌కు ఆనాడు అయ్యే ఖర్చు కంటే ఇది చాలా ఎక్కువ. పసుపు కుంకుమల కింద కూతురికి ఇచ్చిన ఎకరం కూడా నోటిమాట మీద వదిలేయకుండా దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించాలి. లేకపోతే తండ్రి పోయాక అదీ పంపకాల్లోకి వస్తుంది.

వీలునామా విషయంలో భయాలు ఎక్కువ, జాగ్రత్తలు తక్కువ. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పదు. రాసిన ఆయన సంతకం పెడుతుండగా చూసి, ఆయన ఎదుట వాళ్లూ సంతకం పెట్టాలి. తర్వాత కోర్టులో కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి. ఎనభై ఏళ్ల స్నేహితులను సాక్షులుగా పెట్టుకునేవారు ఈ సంగతి ఆలోచించరు. వయసులో చిన్నవాళ్లను, ఆస్తి పొందని వాళ్లను పెట్టుకోవాలి. రిజిస్టరైన వీలునామా కూడా కోర్టులో కొట్టుకుపోవచ్చు. ఆస్తి పొందినవాడే వకీలును తెచ్చి, సాక్షులను తెచ్చి, ఆస్పత్రి మంచం దగ్గర వేలిముద్ర వేయించుకుంటే అనుమానం పోగొట్టాల్సిన బరువు అతని మీదే పడుతుంది. కూతుళ్లకు ఇవ్వదలచుకోకపోతే ఎందుకివ్వడం లేదో ఒక వాక్యం రాయడం మంచిది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి వీలునామా తన వంతుకే పనిచేస్తుంది. తన వంతును పంపకం కాకముందే దానం రాయడం మిగతా భాగస్తుల ఒప్పుదల లేకుండా చెల్లదు. ఈ చివరి మాట మీద సుప్రీంకోర్టు తీర్పు మన ఆంధ్ర కేసులోనే 1987లో వచ్చింది.

‘ఆడపిల్లకిస్తే ఆస్తి పరాయి ఇంటికి పోతుంది’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. చట్టం దీన్ని ఎప్పుడో ఆలోచించింది. వీలునామా రాయకుండా, పిల్లలు లేకుండా కూతురు పోతే, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి భర్తకు పోదు, ఆమె తండ్రి వారసులకే తిరిగి వస్తుంది. ఆమె స్వార్జితం మాత్రం ముందు భర్తకూ పిల్లలకూ, వాళ్లు లేకపోతే భర్త వారసులకు పోతుంది. ఇది చాలామంది ఉద్యోగినులకు తెలియదు. అమ్మానాన్నలకు ఇవ్వాలనుకునే వాళ్లు వీలునామా రాసుకోవాల్సిందే. అమ్మ పేరున ఉన్న ఇంటి స్థలం, నగలు కొడుకుల సొత్తు కావు. ఆమె వీలునామా రాయకపోతే భర్తకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమానం.

దావా దాకా వస్తే జరిగే పొరపాట్లు ఇవీ. మొదటిది, భాగస్తులందరినీ పక్షాలుగా చేర్చకపోవడం. ఊళ్లో లేని చిన్నక్కను, పోయిన తమ్ముడి భార్యను వదిలేస్తే దావా ఆ ఒక్క కారణంతో పడిపోతుంది. రెండోది, తన దగ్గరున్న ఆస్తిని దాచి అన్న దగ్గరున్నది మాత్రమే షెడ్యూల్లో రాయడం. పాక్షిక పంపకం అడగకూడదు. తాను అనుభవిస్తున్న ఇంటినీ రాయాలి. మూడోది కోర్టు ఫీజు. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నానంటే స్వల్పమైన స్థిర ఫీజు సరిపోతుంది. ‘నన్ను బయటకు నెట్టేశారు’ అని రాస్తే వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి. నోటీసు రాసే రోజునే ఆ మాట జాగ్రత్తగా రాయాలి. ఎందుకంటే గడువు గడియారం కూడా అక్కడే మొదలవుతుంది. ఒక భాగస్తుడి స్వాధీనం అందరి స్వాధీనమే గానీ, ‘నీకు వాటా లేదు పో’ అని ఖండించిన సంగతి తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్లు దాటితే దావా నిలవదు. అన్న పంపిన జవాబు నోటీసును బీరువాలో పడేసి మరిచిపోకూడదు.

ఇంజంక్షన్, అంటే ఆస్తి అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు, అడగకుండా ఉండకూడదు. దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే అన్నది నిజమే. అయినా మూడో మనిషి అక్కడ ఇల్లు కట్టాక వాటా విడదీయడం నరకం.

నాలుగోది చాలా బాధ కలిగించేది. ప్రాథమిక డిక్రీ రాగానే గెలిచామని మిఠాయిలు పంచుతారు. అందులో వాటా ఎంతో మాత్రమే ఉంటుంది, ఏ చెక్క ఎవరిదో ఉండదు. దానికి తుది డిక్రీ పిటిషన్ వేయాలి. అడ్వకేట్ కమిషనర్ సర్వేయరుతో వచ్చి, మంచి నేలా చవుడూ, బావీ బోరూ, దారీ అన్నీ చూసి సమానంగా విడదీసి రిపోర్టు ఇవ్వాలి. కోర్టు దాన్ని ఆమోదించాలి. తుది డిక్రీని స్టాంపు కాగితం మీద ఎక్కించుకోవాలి. అప్పుడు స్వాధీనం కోసం అమలు పిటిషన్. తుది డిక్రీ కోరడానికి గడువు లేదు. కానీ అది వచ్చిన రోజు నుంచి అమలుకు పన్నెండేళ్లే. స్టాంపు కాగితాలు ఇవ్వడంలో ఆలస్యం చేస్తే ఆ కాలం కూడా లెక్కలోకి వస్తుంది. స్టాంపులు తర్వాత ఇద్దాం అని ఆగి హక్కు పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ప్రాథమిక డిక్రీ ఇచ్చాక పక్షాలు అడిగేదాకా ఆగకుండా కోర్టులే తుది డిక్రీ వైపు నడిపించాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఇది పాటించేలా మన జిల్లా కోర్టుల్లో శ్రద్ధ పెడితే ఎన్నో కుటుంబాలు గట్టెక్కుతాయి. ఇంకో మేలైన సంగతి. తుది డిక్రీ రాలేదంటే లెక్క ఇంకా తెరిచే ఉన్నట్టు. ప్రాథమిక డిక్రీ తర్వాత చట్టం మారితే వాటాలు సవరించవచ్చని మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత ప్రాథమిక డిక్రీ ఉన్న అక్కచెల్లెళ్లు ఫైలు మళ్లీ తీయించి చూసుకోవాలి.

విడాకుల ప్రశ్నలూ చివరికి ఈ ఆస్తి దగ్గరికే చేరతాయి. పెద్దమనుషుల ముందు రాసుకున్న విడాకుల కాగితంతో హిందూ వివాహం రద్దు కాదు. ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని గట్టిగా రుజువు చేయగలిగితే తప్ప. అలా ‘విడిపోయి’ మళ్లీ పెళ్లి చేసుకున్న మనిషి పోతే భార్యగా వారసురాలు మొదటి ఆమే. రెండో ఆమెకు భార్యగా వాటా రాదు. ఆమె పిల్లలకు మాత్రం తండ్రి వంతులో హక్కు ఉందని, ఉమ్మడి ఆస్తిలో ఆయనకు వచ్చే వాటాలో కూడా ఉందని 2023 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తేల్చింది. విడాకుల కేసు నడుస్తుండగా భర్త పోతే భార్య పూర్తి వారసురాలు. డిక్రీ వచ్చాక కాదు. పిల్లల హక్కు మాత్రం ఎప్పటికీ చెదరదు. విడాకులైతే భర్త ఆస్తిలో సగం వస్తుందన్నది సినిమాల మాట. మన చట్టంలో అది లేదు. భరణం, శాశ్వత భరణం, తన స్త్రీధనం, పిల్లల ఖర్చు ఉన్నాయి. స్త్రీధనం భార్యదేనని 1985 నుంచీ స్థిరపడింది. పెళ్లి ఫొటోలు, నగల షాపు బిల్లులు, తూకాలతో సహా జాబితా పెట్టుకుని అడగాలి. పరస్పర అంగీకార విడాకుల ఒప్పందంలో ‘ఫ్లాటు భార్యకు’ అని రాసుకుని సంతోషపడి ఊరుకోవద్దు. ఆ ఫ్లాటు కేసులో విషయంగా లేకపోతే రిజిస్టర్డ్ దస్తావేజు వేరే కావాలి. ఇద్దరి పేరున ఉన్న గృహరుణం సంగతి బ్యాంకుతో విడిగా తేల్చుకోవాలి. మీ ఒప్పందం బ్యాంకును కట్టేయదు.

అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉన్నవాళ్లకు రెండు మాటలు. అక్కడి కోర్టు విడాకులు ఇక్కడ అన్నివేళలా చెల్లవు. తిరుపతిలో 1975లో జరిగిన ఒక పెళ్లిని మిస్సోరీ రాష్ట్ర కోర్టు రద్దు చేస్తే, 1991లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. భార్య ఆ కోర్టుకు లోబడలేదు, కారణం మన చట్టంలోది కాదు అన్నది ఆధారం. రెండోది, అన్నకు పంపే జీపీఏ, అంటే మీ తరఫున పనులు చేసే అధికార పత్రం. భారత కాన్సులేట్‌లోనో, అక్కడి నోటరీ ముందో సంతకం చేసి పంపిన కాగితానికి ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఇచ్చిన మనిషి చనిపోతే ఆ అధికారమూ పోతుంది. అమ్మే అధికారం ఇవ్వాల్సిన పని లేకపోతే ఆ మాట రాయనే వద్దు. దావా నడపడానికీ, పంపక దస్తావేజు మీద సంతకానికీ మాత్రమే ఇవ్వొచ్చు.

సంపాదకులకు మనవి. మీ న్యాయ సలహాల శీర్షిక పైన ప్రతి వారం నాలుగు ప్రశ్నలు అచ్చు వేయండి. ఆస్తి ఎవరి పేరున ఉంది, ఆయనకు ఎలా వచ్చింది, ఆయన పోయిన తేదీ ఏమిటి, ఇంతవరకు ఎవరెవరు ఏ కాగితాల మీద సంతకం పెట్టారు. ఈ నాలుగూ రాయని ఉత్తరాలకు జవాబు ఇవ్వకండి, వివరాలు పంపమనండి. వాటి కిందే ఇంకో వాక్యం కూడా వేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో దరఖాస్తు ఇవ్వచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మాట మీదకు వస్తే లోక్ అదాలత్‌లో రాజీ రాసుకోవచ్చు. దానికి డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది,
తెనాలి.